ఎలుకలున్నాయని ఇల్లు తగలబెడతామా?

(కంప్యూటర్‌లో చెడిపోయిన సిస్టమ్ ఫైళ్లను బాగు చేసుకునే విధానం)



ఈసారి గోడపత్రికకు నలుగురికీ పనికొచ్చే సంగతి ఒకటి రాయమని తెలుగు సార్ అన్నారు. నాకు కవితలు రావు. అందుకని ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో జరిగింది, దాంట్లో నేను నేర్చుకున్నది రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గర ఒక తండా. మా అన్న సూర్యాపేటలో డిగ్రీ చదివాడు. కోదాడలో ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చి తండావాళ్లకు కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపి పెడతాడు. అందులోనే మా దాది పాడిన పాటలున్నాయి. దాది పోయిన ఏడు చనిపోయింది. పాటలు రికార్డు చేసిన ఫోను అంతకుముందే పగిలిపోయింది. అంటే ఆమె గొంతు ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఒకరోజు సాయంత్రం గాలివాన వచ్చింది. అప్పుడు కంప్యూటర్‌లో అప్‌డేట్ నడుస్తున్నది. సగంలో కరెంటు పోయింది. తెల్లారి ఆన్ చేస్తే కాసేపు నడిచి నీలం తెర వచ్చి దానంతటదే ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే సెట్టింగ్స్ తెరుచుకోలేదు, ప్రింటర్ పలకలేదు. అన్న సూర్యాపేటలో ఒక దుకాణానికి తీసుకపోతే "మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించాలె. ఎనిమిది వందలైతయి. లోపలున్నవి పోతయి" అన్నారట. ఇంటికొచ్చి చెప్పగానే మా యాడి ఒక్కటే అడిగింది, "మరి దాది పాటలో?"

మా మామ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు దగ్గర లారీల కాంటా చూస్తాడు. ఆ కాంటా కంప్యూటర్ ఆగితే లారీలు వరసగా ఆగుతాయి. అందుకని చిన్న చిన్న రిపేర్లు ఆయనే నేర్చుకున్నాడు. అన్న ఫోను చేస్తే నవ్వి, "ఎలుకలున్నయని ఇల్లు తగలబెడ్తవా అల్లుడా? ముందుగాల పాటలు తీసి పెన్‌డ్రైవ్‌ల పెట్టు. తర్వాత నేను చెప్పినట్టు చెయ్యి" అన్నాడు.

సిస్టమ్ ఫైళ్లు అంటే ఏమిటి?

మనం దాచుకునే ఫోటోలు, పాటలు, ఉత్తరాలు మన సొంత ఫైళ్లు. విండోస్ నడవడానికి కావలసిన వేల ఫైళ్లు వేరే ఉంటాయి. అవే సిస్టమ్ ఫైళ్లు. అవి రాస్తుండగా కరెంటు పోయినా, హార్డ్ డిస్క్ పాడవుతున్నా, మెమరీలో లోపమున్నా, వైరస్ పడినా చెడిపోతాయి. సిస్టమ్ ఫైలు చెడిపోతే మన ఫైళ్లు చెడిపోయినట్టు కాదు. భయపడి అన్నీ చెరిపేయనవసరం లేదు.

మన హాస్టల్‌తో పోల్చి చెప్తాను. మనం రోజూ చదివే పుస్తకంలో ఒక పేజీ చినిగిందనుకోండి. బీరువాలో అదే పుస్తకం మంచి ప్రతి ఉంటే దాన్ని చూసి ఆ పేజీ రాసి అతికిస్తాం. విండోస్‌లో కూడా అట్లాంటి బీరువా ఉంది. దాన్ని కాంపొనెంట్ స్టోర్ అంటారు. ఎస్‌ఎఫ్‌సి అనే పనిముట్టు ఒక్కో సిస్టమ్ ఫైలును సరిచూసి, చెడినదాని స్థానంలో బీరువాలోని మంచి ప్రతి పెడుతుంది. మరి బీరువాకే చెదలు పడితే? అప్పుడు బయటినుంచి తెప్పించాలి. ఆ పని డిస్మ్ చేస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి అప్‌డేట్ సర్వర్ల నుంచి ఇంటర్నెట్ ద్వారా మంచి ఫైళ్లు తెచ్చి బీరువాను సర్దుతుంది. ఎస్‌ఎఫ్‌సి విండోస్ 98 కాలం నుంచే ఉంది. డిస్మ్ 2009లో విండోస్ 7తో వచ్చింది. బీరువాను బాగుచేసే శక్తి దానికి 2012లో విండోస్ 8తో కలిగింది. విండోస్ 10, 11 రెండింటిలో ఇవి ఉచితంగానే ఉంటాయి. దేన్నీ కొననక్కరలేదు.

మేము చేసిన పని వరసగా:

1. కంప్యూటర్ నడిచిన కొద్దిసేపట్లోనే పాటలు, సర్టిఫికెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. ఇది అయ్యాకే మిగతా పని.

2. కరెంటు నిలకడగా ఉండే పొద్దటిపూట చూసి మొదలుపెట్టాం. మధ్యలో పోతే మళ్లీ మొదటికొస్తుంది.

3. స్టార్ట్ నొక్కి సి, ఎం, డి అని కొడితే కమాండ్ ప్రాంప్ట్ కనబడుతుంది. దానిపై మౌస్ కుడి మీట నొక్కి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఎంచుకోవాలి. మామూలుగా తెరిస్తే ఈ పని చేయనియ్యదు.

4. నల్ల తెరలో ఇట్లా కొట్టాలి: ఎస్‌ఎఫ్‌సి, ఒక ఖాళీ, /స్కాన్‌నౌ. (ఇక్కడ తెలుగులో రాశాను గానీ అక్కడ ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. స్కాన్, నౌ కలిపి రాయాలి. గీతకు, దాని పక్క మాటకు నడుమ ఖాళీ ఉండకూడదు.) ఎంటర్ నొక్కి నూరు శాతం దాకా ఓపిక పట్టాలి. మాది పాతది కాబట్టి అరగంట పైనే పట్టింది.

చివరికి సాధారణంగా ఈ మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది. లోపమేమీ దొరకలేదు అంటే జబ్బు వేరేచోట ఉన్నట్టు. దొరికింది, బాగు చేశాను అంటే కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే చాలు. దొరికింది గానీ కొన్నింటిని బాగు చేయలేకపోయాను అంటే బీరువాకు చెదలు పట్టినట్టు. మాకు మూడోదే వచ్చింది. అన్న మొహం వాడిపోయింది. మామ మాత్రం "నేననుకున్న, ఇంకోటుంది" అన్నాడు.

5. ఫోను ఇంటర్నెట్ కలిపి ఈ మాట కొట్టాం: డిస్మ్, ఖాళీ, /ఆన్‌లైన్, ఖాళీ, /క్లీనప్-ఇమేజ్, ఖాళీ, /రిస్టోర్‌హెల్త్. డిస్మ్ అంటే డి, ఐ, ఎస్, ఎం. ఇక్కడ ఆన్‌లైన్ అంటే ఇంటర్నెట్ అని కాదు, ఇప్పుడు నడుస్తున్న విండోస్ అని అర్థం. ఒకచోట అంకె చాలాసేపు కదలలేదు. నేను ఆపేద్దామన్నాను. "ఆగిందనుకొని ఆపితే నిజంగనే చెడగొడ్తవు" అని మామ కోప్పడ్డాడు. తర్వాత అదే కదిలింది.

6. అది అయ్యాక మళ్లీ నాలుగో పని చేశాం. ఈసారి బాగు చేశానని వచ్చింది! ఇప్పుడు మొదటే డిస్మ్ నడిపి, తర్వాత ఎస్‌ఎఫ్‌సి నడపమని మైక్రోసాఫ్ట్ వారే చెప్తారు. మేము తెలియక తిరగేసి చేసి గంట పోగొట్టుకున్నాం.

7. ఆఖరున డిస్క్‌ను కూడా చూసుకున్నాం: సి హెచ్ కె డి ఎస్ కె, ఖాళీ, సి అక్షరం పక్కన రెండు చుక్కలు, ఖాళీ, /ఎఫ్. ఇప్పుడు కుదరదు, మళ్లీ ఆన్ చేసినప్పుడు చూడనా అని అడుగుతుంది. సరేనని వై అక్షరం కొట్టి రీస్టార్ట్ చేయాలి. డిస్కే పోతుంటే ఫైళ్లు ఎన్నిసార్లు బాగుచేసినా మళ్లీ చెడతాయి. అప్పుడు డిస్క్ మార్చుకోవాల్సిందే.

జాగ్రత్తలు

ఏదో ఒక ఫైలు లేదని తెర మీద వస్తే ఊరూపేరూ లేని చోటినుంచి దాన్ని తెచ్చి పెట్టకండి. దాంతో వైరస్ రావచ్చు. మీ కంప్యూటర్ చెడింది, మేం బాగు చేస్తామని ఎవరో ఫోను చేస్తే నమ్మకండి. విండోస్ అసలే తెరుచుకోకపోతే రిపేర్ తెర వస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్, సేఫ్ మోడ్ ఉంటాయి, అవి ముందు చూడండి. అవీ పనిచేయకపోతే రీసెట్‌లో సొంత ఫైళ్లు ఉంచే పద్ధతి ఉంది. దాంతో మనం ఎక్కించిన ప్రోగ్రాములు పోతాయి, ఫైళ్లు నిలుస్తాయి. మొత్తం చెరిపేయడం అన్నింటికన్నా ఆఖరుది. మన ల్యాబ్‌లో మాత్రం సార్‌ను అడగకుండా ఎవరూ ఇవి చేయకండి.

ఆ రాత్రి అన్న ప్రింటర్ నడిపి చూసి, తర్వాత దాది పాట ఒకటి పెట్టాడు. యాడి అన్నం కలుపుతూ చెయ్యి ఆపి విన్నది. ఎవరం మాట్లాడలేదు. ఇప్పుడు ఆ పాటలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మామ దగ్గర ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి, మూడుచోట్ల ఉన్నాయి.

వార్డెన్ సార్లకు ఒక మనవి. మన ల్యాబ్‌లో పిల్లల సర్టిఫికెట్లు, మనం టైపు చేసిన పాఠాలు ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి. వారానికొకసారి ఇంకోచోట కూడా ఎక్కించి పెడితే బాగుంటుంది. చెడిన ఫైలును బాగు చేసుకోవచ్చు గానీ, దాచుకోనిదాన్ని ఎవరూ తెచ్చియ్యలేరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి