గుర్రం చలికోటు ఎప్పుడు విప్పుతుంది?



శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. చలి పోయాక మనం రగ్గులు ఉతికి, ఎండబెట్టి, పెట్టెలో దాచుకుంటాం. గుర్రానికి పెట్టె లేదు. దాని రగ్గు ఒంటిమీదే మొలుస్తుంది, ఒంటిమీద నుంచే రాలిపోతుంది. చలి దేశాలలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుర్రం వీపు మీద చేత్తో రాస్తే గుప్పెడేసి బొచ్చు ఊడివస్తుంది. అక్కడక్కడ మాసికలు వేసినట్టు, పాత బొచ్చు కొంత, కొత్త నిగనిగ కొంత కనిపిస్తుంది. తెలియనివాళ్లు చూస్తే గజ్జి పట్టిందేమో అనుకుంటారు. జబ్బు కాదు. రాలకపోతేనే అనుమానించాలి. ఆ సంగతికి చివర్లో వస్తాను.

చలి తగ్గింది కాబట్టి బొచ్చు రాలుతోంది, ఇందులో వింతేముంది అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ లెక్క అలా కుదరదు. భూమి ఉత్తర భాగంలో అతి చిన్న పగలు డిసెంబరు 21 లేదా 22న వస్తుంది. ఆ తర్వాత కొద్ది రోజులకే, అంటే చలి ఇంకా ముదురుతున్న సమయంలోనే, గుర్రం ఒంట్లో బొచ్చు విడిచే ఏర్పాటు మొదలవుతుంది. అలాగే జూన్ 21 దాటి పగలు తగ్గడం మొదలయ్యాక, ఎండలు ఇంకా ఉండగానే చలికాలపు బొచ్చుకు సన్నాహం జరుగుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నాటికి అది బయటికి కనిపిస్తుంది. మన పంచాంగం ఉత్తరాయణాన్ని సంక్రాంతికి చెబుతుంది. గుర్రం పంచాంగం చూడదు. సూర్యుడు నిజంగా మళ్లిన రోజునే పట్టుకుంటుంది.

ఎలా పట్టుకుంటుంది? కంటితో. కంటిలో పడే వెలుతురు కబురు మెదడుకు చేరుతుంది. మెదడులో పీనియల్ అనే చిన్న గ్రంథి ఉంది. చీకటి పడితే అది మెలటోనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది, తెల్లవారితే ఆపేస్తుంది. రాత్రి ఎంత పొడుగైతే మెలటోనిన్ అంతసేపు ఊరుతుంది. అది ఎక్కువసేపు ఊరినన్నాళ్లు ప్రోలాక్టిన్ అనే మరో పదార్థం అణిగి ఉంటుంది. రాత్రులు కురచ అయ్యేకొద్దీ ప్రోలాక్టిన్ పెరుగుతుంది. అది పెరిగితే వెంట్రుకల కుదుళ్లు మేలుకుంటాయి. కింద నుంచి కొత్త పొట్టి వెంట్రుక మొలుస్తుంది, పైన ఉన్న పాత పొడుగు వెంట్రుక పట్టు వదిలేస్తుంది. జూలుకీ తోకకీ మాత్రం ఈ రుతువుల లెక్క వర్తించదు. అవి ఏడాది పొడుగునా ఉండవలసినవే.

ఇది ఊహ కాదు. 1975లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఇద్దరు పరిశోధకులు కొన్ని పొట్టిజాతి ఆడగుర్రాలకు చలికాలంలో విద్యుద్దీపాలతో రోజుకు 16 గంటల వెలుతురు ఇచ్చి చూశారు. అవి మామూలు కంటే ముందుగానే బొచ్చు విడిచాయి. ఈ కిటుకును పందెపు గుర్రాల పెంపకందారులు ఏటా వాడుకుంటారు. ఉత్తర దేశాలలో పందెపు గుర్రం ఏ నెలలో పుట్టినా దాని వయసు జనవరి 1 నుంచే లెక్క. గుర్రం చూలు పదకొండు నెలలు. పిల్ల ఏడాది మొదట్లోనే పుడితే పందెంలో తోటి గుర్రాల కంటే నాలుగు నెలల ముందంజ. అందుకని డిసెంబరు నుంచే సాలల్లో దీపాలు వెలిగించి ఆడగుర్రాలకు వసంతం వచ్చిందని భ్రమ కలిగిస్తారు. అవి ముందుగా ఎదకు వస్తాయి. వాటితోపాటు బొచ్చూ ముందుగా రాలుతుంది. బయట మంచు పడుతుంటే లోపల గుర్రం చొక్కా విప్పుకుంటుందన్నమాట! వాటికి అప్పుడు రగ్గులు కప్పవలసిందే.

మరి ప్రకృతి చలిని కాక వెలుతురును ఎందుకు నమ్ముకుంది? చలి అబద్ధమాడుతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు వెచ్చగా ఉండి, మార్చిలో మళ్లీ మంచు కురవవచ్చు. ఆ నాలుగు రోజులను నమ్మి బొచ్చు విడిచిన గుర్రం బతకదు. పగటి పొడుగు మాత్రం ఏ ఏడాదీ మాట తప్పదు. పైగా ఒళ్లంతా బొచ్చు మొలవడానికి వారాలు పడుతుంది. చలి వచ్చాక కుట్టించుకునే కోటు కాదది, ముందే సిద్ధంగా ఉండాలి.

దీని విలువ తెలియాలంటే సైబీరియాలోని యకూతియా వెళ్లాలి. అక్కడ వెర్ఖోయాన్స్క్ అనే ఊళ్లో 1892 ఫిబ్రవరిలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 67.8 డిగ్రీలకు పడిపోయింది. అదే ఊళ్లో 2020 జూన్‌లో 38 డిగ్రీల ఎండ కాసింది. ఆ సీమలో యకూత్ జాతి పొట్టి గుర్రాలు ఉన్నాయి. చలికాలమంతా ఆరుబయటే ఉంటాయి. గిట్టలతో మంచు తవ్వి అడుగున ఉన్న ఎండుగడ్డి తింటాయి. వాటి చలికాలపు వెంట్రుకలు బెత్తెడు దాకా పెరుగుతాయి. యకూత్స్క్ నగరంలో డిసెంబరు పగలు 5 గంటలు, జూన్ పగలు దాదాపు 20 గంటలు. వెలుతురులో అంత తేడా ఉన్న చోట గుర్రం రుతువును పొరబడే ప్రసక్తే లేదు. ఆ బెత్తెడు బొచ్చు వేసవిలోనూ ఉండిపోతే ఏమవుతుందో 38 డిగ్రీలను తలుచుకుంటే చాలు.

ఆ బొచ్చు పనిచేసే తీరు మన బొంతలాంటిదే. బొంతలో వెచ్చదనం గుడ్డది కాదు, మడతల మధ్య చిక్కుకున్న గాలిది. చలి వేసినప్పుడు గుర్రం చర్మంలోని చిన్న కండరాలు వెంట్రుకలను నిక్కబొడుస్తాయి. వాటి మధ్య గాలి నిలుస్తుంది. మంచు దేశంలో గుర్రం వీపు మీద పడిన మంచు కరగకుండా అలాగే ఉందంటే జాలిపడనక్కరలేదు. లోపలి వేడి బయటికి పోవడం లేదని అర్థం. చలివాన మాత్రం ప్రమాదం. బొచ్చు తడిసి ఒంటికి అంటుకుంటే గాలి పొర పోతుంది. అప్పుడు ఎంత బొచ్చున్నా గుర్రం వణుకుతుంది.

ఇక మన వైపు. హోసూరులో 1824లోనే సైన్యపు గుర్రాల కోసం క్షేత్రం పెట్టారు. ఆ శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి ఓడల మీద మద్రాసుకు గుర్రాలు దిగేవి. అక్కడ జూన్‌లో చలికాలం, డిసెంబరులో వేసవి. అలాంటి గుర్రం భూమధ్యరేఖ దాటి వస్తే దాని ఒంటి గడియారం తలకిందులు కావలసిందే. మెల్లగా ఇక్కడి వెలుతురుకు సర్దుకోవాలి. కానీ ఇక్కడి వెలుతురు చెప్పేది చాలా తక్కువ. హోసూరులో ఏడాదిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటన్నర మాత్రమే. లేహ్‌లో అది నాలుగున్నర గంటలు దాటుతుంది. అందుకే లడఖ్‌లోని జంస్కారీ గుర్రం చలికాలంలో ఎలుగుబంటిలా బొచ్చు పెంచుతుంది. మన పెళ్లి ఊరేగింపు గుర్రం ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. మన దగ్గర గుర్రం బొచ్చు మార్చుకోదని కాదు, ఆ మార్పు కళ్లకు కట్టేంత ఉండదు. మాలీసు చేసేవాడి దువ్వెనకు తెలుస్తుంది.

రాలడం మొదలుపెట్టేది వెలుతురే అయినా, ఎంత త్వరగా ముగుస్తుందన్నది తిండిని బట్టి, ఒంటి బలాన్ని బట్టి, కొంత వాతావరణాన్ని బట్టి ఉంటుంది. బాగా మేపిన గుర్రం తొందరగా తేలుతుంది. కడుపులో నులిపురుగులున్నది, చిక్కినది ఆలస్యం చేస్తుంది. ఆ రోజుల్లో రోజూ దువ్వాలి. దురద తీరుతుంది, చర్మం మీద పుండో గడ్డో ఉంటే దువ్వేటప్పుడే చేతికి తగులుతుంది.

ఇప్పుడు మొదట్లో ఆపిన సంగతి. పదిహేనేళ్లు దాటిన గుర్రం ఎండలు ముదిరాక కూడా పొడుగు బొచ్చుతో, ఉంగరాలు తిరిగిన వెంట్రుకలతో ఉంటే, ముసలిది కదా అని వదిలేస్తుంటారు. అది తరచుగా జబ్బు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి వయసుతో అదుపు తప్పి, అది కొన్ని పదార్థాలను మితిమీరి వదులుతుంది. దీన్ని వాడుకలో కుషింగ్ జబ్బు అంటారు. అలాంటి గుర్రం నీళ్లు ఎక్కువ తాగుతుంది, వీపు మీద కండ కరుగుతుంది, కడుపు జారుతుంది. అసలు భయం గిట్టలది. గిట్ట లోపలి పొర వాచి, నొప్పితో అడుగు తీసి అడుగు వేయలేకపోతుంది. బతుకంతా బండి లాగిన జీవి ఆ బాధ పడుతుంటే, యజమానికి కనిపించేది మాత్రం దుమ్ము పట్టిన బొచ్చు. రక్తపరీక్షతో దీన్ని తెలుసుకోవచ్చు. పూర్తిగా నయం కాదు గాని, పెర్గోలైడ్ అనే మందు రోజూ ఇస్తే చాలా గుర్రాలు తేరుకుంటాయి. ఈలోగా ఆ బొచ్చు కత్తిరించి, నీడన కట్టి, నీళ్లు దండిగా అందేలా చూడాలి. గుర్రం చెమటతోనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. చెమట పొడుగు బొచ్చులో చిక్కుకుంటే ఆరదు.

మీ ఊళ్లో జట్కా లాగి మానిన ముసలి గుర్రం ఎవరి కొట్టంలోనైనా ఉంటే, వచ్చే ఏప్రిల్లో ఒకసారి దాని పొట్ట కింద, కాళ్ల వెనక బొచ్చు చూడండి. ఇంకా పొడుగ్గా ఉంటే పశువుల డాక్టరుకు చూపించమని ఆ ఇంటివాళ్లకు చెప్పండి.