ఒకే బీరువాలో రెండు రిజిస్టర్లు

మా ఇంట్లో చాలా ఏళ్లు రెండు రిజిస్టర్లు ఉండేవి. ఒకటి నాది. పశువైద్యుడిగా గిద్దలూరు, కంభం, మార్కాపురం చుట్టూ తిరిగినన్నాళ్లూ ఏ ఊళ్లో ఏ గొడ్డుకు ఏం జబ్బు చేసిందో, ఏ మందకు ఏ టీకా వేశానో అందులో రాసేవాణ్ణి. రెండోది నా భార్యది. ఆమె ఏఎన్ఎం. ఎవరింట్లో జ్వరం ఉంది, ఎవరి రక్తం పరీక్షకు పంపింది, ఏ గర్భిణికి ఎన్నో నెల, అన్నీ అందులో ఉండేవి. ఊళ్లు అవే, ఇళ్లూ అవే. రెండు పుస్తకాలూ ఒకే బీరువాలో ఉండేవి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన మాత్రం మాకు చాలాకాలం రాలేదు.

ఒక మాఘమాసం రాత్రి అన్నం తింటూ ఆమె అంది: "నల్లమల అంచున ఆ గొర్రెల పల్లె లేదూ, అక్కడ ఒక పెద్దాయనకు రెండు నెలలుగా జ్వరం వదలడం లేదండీ. పగలు బాగానే ఉంటాడు. పొద్దుగూకితే ఒళ్లు కాలిపోతుంది. తెల్లారేసరికి దుప్పటి తడిసేంత చెమట. నడుము నొప్పితో లేవలేకపోతున్నాడు. మలేరియా కాదని తేలింది. టైఫాయిడ్ అని రెండు దఫాలు మందులు వాడినా తగ్గలేదు."

ఊరి పేరు వినగానే నా చేతిలో ముద్ద ఆగిపోయింది. దసరా తర్వాత ఆ పెద్దాయన మందలోనే ఏడు సూడి గొర్రెలు వరసగా ఈసుకుపోయాయి. మేత సరిగా లేక అనుకున్నాను. మందులిచ్చి, రిజిస్టర్లో ఒక వాక్యం రాసి వచ్చేశాను. పడిపోయిన పిల్లల్ని, మాయను ఎవరు ఎత్తారో, ఎక్కడ పారేశారో అడగలేదు. అది నా తప్పు.

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్లాం. "పెద్దాయనా, మాయ పడకపోతే ఎవరు తీస్తారు?" అని అడిగాను.

"ఎవురు తీస్తారు సారూ, నేనే. చిన్నప్పట్నుంచి ఈ చేతులతోనే తీస్తన్నా. దానికీ జొరానికీ ఏంది సంబంధం?"

సంబంధం రక్తపరీక్షలో బయటపడింది. ఆయనకున్నది బ్రూసెల్లోసిస్. మందలోని గొర్రెల రక్తరసం చుక్కను గులాబి రంగు పరీక్ష ద్రావణంలో కలిపితే, కొన్నింటిది చిన్న చిన్న ముద్దలుగా పేరుకుంది. అంటే వాటికీ అదే జబ్బు.

దీనికి ఇంకో పేరు మాల్టా జ్వరం. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు ఈ జ్వరంతో మంచం పట్టేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు దీనికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు. అది మనిషికి ఎక్కడినుంచి వస్తోందో మాత్రం అంతుపట్టలేదు. 1905లో ఆ దీవి వైద్యుడే అయిన థెమిస్టొక్లీస్ జామిట్ మేకల రక్తం పరీక్షించాడు. చూడ్డానికి నిగనిగలాడుతున్న మేకల్లోనే రోగం ఉంది. వాటి పచ్చిపాలు సైనికులకు ఇవ్వడం 1906లో ఆపేశారు. జ్వరాలు అమాంతం తగ్గిపోయాయి. మనుషులకు మందు వేయకుండానే, పాలగిన్నె మారిస్తే ఆస్పత్రి మంచాలు ఖాళీ అయ్యాయి.

మన పశ్చిమ ప్రకాశం కూడా జీవాల సీమే. వాన తక్కువ, మెట్ట ఎక్కువ. పైరు ఎండినా గొర్రె ఆదుకుంటుందన్న నమ్మకం మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. ఎండాకాలం వస్తే మందలు నల్లమల వైపో, కోతలైన మాగాణి వైపో కదులుతాయి. ఎరువు కోసం రైతులు రాత్రిళ్లు పొలంలో మంద కట్టించుకుంటారు. ఒక మంద ఈసుకుపోయిన చోటే మరో మంద పడుకుంటుంది. పారేసిన మాయను ఊరకుక్క కంపచెట్ల నుంచి వాకిట్లోకి లాక్కొస్తుంది. తడి, నీడ ఉన్న చోట ఈ క్రిమి వారాలు, ఒక్కోసారి నెలల తరబడి బతుకుతుంది. కుంటలు ఎండేకొద్దీ గొర్రె, గేదె, కుక్క, అడవిపంది, అన్నీ మిగిలిన ఆ ఒక్క మడుగుకే వస్తాయి. మనిషి జబ్బు, జీవం జబ్బు, నేల, నీరు అని మనం వేరువేరు శాఖలుగా పంచుకున్నాం. రోగానికి ఆ హద్దులు లేవు.

ఒక్క బ్రూసెల్లోసిస్ మాత్రమే కాదు. మనుషులకు సోకే అంటురోగాల్లో దాదాపు 60 శాతం జంతువులతో పంచుకుంటున్నవే. దొమ్మ రోగంతో చచ్చిన గొర్రెను కోస్తే ఆ క్రిమి బీజాలు మట్టిలో చేరి దశాబ్దాల పాటు ఉంటాయి. విశాఖ మన్యంలో అలాంటి మాంసం ముట్టుకున్నవాళ్లకు, తిన్నవాళ్లకు ఒంటిమీద పుళ్లు లేచాయి. మన పక్కనే పల్నాడు జిల్లాలో 2025 మార్చిలో బర్డ్ ఫ్లూ ఒక చిన్నారి ప్రాణం తీసింది. కుక్కకాటు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊరికుక్కల్లో నూటికి 70కి టీకా వేస్తే రేబిస్ గొలుసు తెగుతుంది. మనిషికి ఎన్ని సూదులు వేసినా, కుక్కను వదిలేస్తే ఆ గొలుసు సాగుతూనే ఉంటుంది.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, పశు ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, పర్యావరణ సంస్థ కలిసి 'వన్ హెల్త్' అంటున్నాయి. అందరి ఆరోగ్యం ఒక్కటే అని దాని అర్థం. కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలో 4 నుంచి 8 నెలల ఆవు, గేదె పెయ్య దూడలకు బ్రూసెల్లా టీకా ఒక్కసారి వేస్తారు. అది జన్మకంతా రక్ష. మన గొర్రెలకు ఇంకా ఆ రక్ష లేదు. వాటికి జాగ్రత్తే టీకా.

ఆ జాగ్రత్త పెద్ద ఖర్చుతో కూడింది కాదు. గొర్రె ఈసుకుపోతే చేతికి తొడుగు, అది లేకుంటే రెండు ప్లాస్టిక్ సంచులు వేసుకోవాలి. పిల్లను, మాయను కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పూడ్చాలి. చేతులు సబ్బుతో కడగాలి. గర్భిణులు ఆ పని ముట్టకూడదు. పాలు పొంగేదాకా కాచాలి. ఒకే మందలో రెండోది కూడా ఈసుకుపోతే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయాలి. జ్వరం వారం దాటితే, "మా ఇంట్లో జీవాలున్నాయి" అని డాక్టరుకు మనమే చెప్పాలి.

అన్నిటికన్నా కష్టమైనది ఇంకొకటి ఉంది. రోగం తేలిన గొర్రెను మంద నుంచి వేరు చేయాలి. సంతలో తోలేస్తే కాపరికి డబ్బు వస్తుంది, రోగం ఇంకో కాపరి దొడ్డికి పోతుంది. ఆ నష్టాన్ని కాపరి ఒక్కడి నెత్తిన వేసి, జాగ్రత్తలు మాత్రం చెప్పి వస్తే న్యాయం కాదు. ఇది అధికారులు ఆలోచించాల్సిన మాట.

పెద్దాయన డాక్టరు చెప్పినట్టు ఆరు వారాలు రెండు రకాల మాత్రలు మానకుండా మింగాడు. జ్వరం తగ్గింది, నడుము లేచింది. మా ఆవిడ తన రిజిస్టర్లో ఎర్రపెన్సిలుతో కొత్త గడి గీసింది: 'ఇంట్లో జీవాలు ఈసుకుపోయాయా?' నేను నా రిజిస్టర్లో గీశాను: 'ఇంట్లో ఎవరికైనా జ్వరమా?'

మరుసటేడు ఆ పల్లెకు టీకాలు వేయడానికి వెళ్లాను. పెద్దాయన నన్ను దొడ్డి వెనక్కి తీసుకెళ్లాడు. మోకాలు దాటిన లోతున గుంత, పక్కన సున్నం బస్తా, కర్రకు తగిలించిన చేతి తొడుగులు.

"ఈతలు దగ్గరపడ్డాయి గదా సారూ," అన్నాడు. "ముందే తవ్వి పెట్టుకున్నా."