బూడిద రంగు... కాస్త వెచ్చగా!

'గోడలకు బూడిద రంగేమిటమ్మా? సిమెంటు చేసి అలాగే వదిలేశారనుకుంటారు చూసినవాళ్లు' అంటారు అత్తగారు.

'ఇప్పుడు అందరూ ఇదే వేయిస్తున్నారత్తయ్యా' అంటుంది కోడలు, షేడ్‌కార్డు తిప్పుతూ.

గృహప్రవేశానికి పట్టుమని పదిహేను రోజులు కూడా లేవు. పెయింటరేమో 'ఏదో ఒకటి చెప్పండమ్మా, సామాను తెచ్చుకోవాలి' అంటూ తొందరపెడుతుంటాడు. దాంతో గోరంత ముక్క చూసి కొండంత గోడకు రంగు ఖాయం చేసేస్తారు. తీరా వేశాక చూస్తే... కార్డులో ముత్యంలా ఉన్న రంగు కాస్తా గోడ మీద నీలంగా, నీరసంగా కనిపిస్తుంది. అప్పుడిక అత్తగారి మాటే నిజమైందనిపిస్తుంది. కానీ తప్పు బూడిద రంగుది కాదు, ఎంచుకున్న బూడిదది!

మన భాషలో బూడిదకు ఏమంత మంచిపేరు లేదు. చేసిన పని వృథా అయితే బూడిదలో పోసిన పన్నీరు అంటాం. అదే బూడిదను విభూతిగా నుదుట పెట్టుకుంటాం కూడా. గోడల సంగతీ అంతే. చల్లటి బూడిద, వెచ్చటి బూడిద అని ఈ రంగులో రెండు వర్గాలున్నాయి. తెలుపులో ఉత్త నలుపు కలిపితే వచ్చేది చల్లటి బూడిద. నల్లరంగు తెలుపులో కలిశాక తరచూ కాస్త నీలి ఛాయ కనబడుతుంది. అందులోనే ఓ చుక్క పసుపు, ఓ చుక్క ఎరుపు లేదా మట్టిరంగు పడిందంటే చాలు, బూడిద వెచ్చబడుతుంది. పావురం మెడ రంగు మొదటిదైతే, తడి ఇసుక ఆరుతున్నప్పుడు కనిపించే రంగు రెండోది.

రెండింటికీ తేడా ఎలా తెలుసుకోవాలంటే... షేడ్‌కార్డును ఓ తెల్ల కాగితం మీద పెట్టి చూడాలి. విడిగా చూస్తే అన్నీ బూడిదలే. తెలుపు పక్కన పెట్టగానే దేనిలో నీలం ఉందో, దేనిలో పసుపుందో, ఏది గులాబీకి మొగ్గుతోందో బయటపడిపోతుంది.

నిజానికి వెచ్చటి బూడిద మనకేం కొత్త కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల కనిపించే బండరాళ్లనే చూడండి. దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి ఆ గ్రానైటు బూడిద రంగే. అయితే అందులోని ఫెల్డ్‌స్పార్ వల్ల లేత గులాబీ ఛాయ తొంగిచూస్తుంది. గోల్కొండ కోటగోడలు సాయంత్రంపూట అంత అందంగా ఉంటాయంటే ఆ ఛాయ చలవే. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లకూ ఈ రంగు బాగానే పరిచయం. 2010 తర్వాత అక్కడి ఇళ్లలో 'అగ్రీయబుల్ గ్రే', 'రెవియర్ ప్యూటర్' లాంటి షేడ్లు విపరీతంగా వాడారు. రెండూ వెచ్చటి బూడిదలే. 2021కి ప్యాంటోన్ సంస్థ ఎంపిక చేసిన రంగుల జంటలోనూ బూడిద ఉంది, పసుపుకి తోడుగా. ఆ మోజు అక్కడ ఇప్పుడు గోధుమ రంగులవైపు మళ్లుతోందనుకోండి. అయినా ఫ్యాషన్ చూసి ఇంటికి రంగు వేయిస్తే ఐదేళ్లకోసారి జేబుకి చిల్లే.

దిక్కును బట్టి...

వాస్తు కోసం దిక్కులు చూడటం మనకు అలవాటే. రంగు కోసం కూడా చూడాలి! ఉత్తరపు గదిలోకి ఏడాదిలో చాలా రోజులు నేరుగా ఎండ రాదు. ఆకాశం నుంచి చెదిరి వచ్చే వెలుతురే దిక్కు. అందులో నీలం పాలు ఎక్కువ. అలాంటి గదిలో చల్లటి బూడిద వేస్తే మబ్బు పట్టినట్టే ఉంటుంది. వెచ్చటిదైతే ఆ నీలాన్ని సరిదిద్దుతుంది. పడమటి గది కథ వేరు. సాయంత్రపు ఎండలో వెచ్చటి బూడిద మరింత వేడెక్కి గోధుమ రంగులోకి, ఒక్కోసారి గులాబీలోకి దిగుతుంది. అక్కడ పసుపు పాళ్లు తక్కువున్నది వేసుకోవాలి. అపార్టుమెంట్లలో మరో చిక్కుంది. ఎదురు బ్లాకుకి నారింజ రంగు వేశారంటే, దాని మీద పడిన ఎండ మన హాల్లోకి వచ్చి పడుతుంది. కిటికీ ముందు గుబురుగా వేపచెట్టు ఉంటే గోడ మీద పచ్చదనం తేలుతుంది. ఇవేవీ షేడ్‌కార్డులో ఉండవు.

ఇక రాత్రి సంగతి. మన ఇళ్లలో తెల్లటి ట్యూబులైటు వెలుగు 6500 కెల్విన్ల దగ్గర ఉంటుంది. దాని కింద ఏ బూడిదైనా కాస్త పాలిపోతుంది. 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు వెలుగు బల్బు వేస్తే అదే గోడ హాయిగా కనిపిస్తుంది. దుకాణంలో ట్యూబులైటు కింద రంగు ఎంచుకుని, ఇంట్లో పసుపు బల్బులు పెట్టుకుని 'వాడు వేరే డబ్బా ఇచ్చాడు' అని పోట్లాడేవాళ్లూ ఉంటారు, పాపం.

షేడ్ ఎంత ముదురుగా ఉండాలన్నది కూడా ముఖ్యమే. కొన్ని కంపెనీలు ప్రతి రంగుకీ అది ఎంత వెలుతురును తిప్పికొడుతుందో ఓ అంకె ఇస్తాయి. నలుపుకి సున్నా, అచ్చమైన తెలుపుకి 100. లేత వెచ్చటి బూడిదలు సుమారుగా 55, 65 మధ్య ఉంటాయి. ఒకటే కిటికీ ఉన్న గదికి 60 దాటినది చూసుకోవడం మేలు. లేదంటే పట్టపగలే లైటు వేసుకోవాలి.

పక్కన ఏముంది?

ఫ్రాన్సులో గోబెలిన్ వస్త్రశాలలో అద్దకాల విభాగాన్ని చూసే షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఓ ఫిర్యాదు వచ్చింది. నల్లదారం సరిగ్గా నల్లగా లేదట. పరీక్షిస్తే అద్దకంలో లోపమేం లేదు. పక్కనున్న రంగులవల్లే నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది! 1839లో ఆయన దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. బూడిద రంగు ఈ మాయకు ఇట్టే లొంగిపోతుంది. ముదురు ఎరుపు సోఫా వెనక పచ్చగా, నీలి కర్టెన్ పక్కన నారింజగా అనిపిస్తుంది.

ఈ గుణాన్నే మనకు అనుకూలంగా మలచుకోవచ్చు. టేకు తలుపులు, మీగడ రంగు టైల్స్ ఉన్న ఇంట్లో చల్లటి బూడిద వేస్తే టైల్స్ మాసిపోయినట్టుంటాయి. వెచ్చటిదైతే రెండూ కలిసిపోతాయి. తాండూరు బండల ఇంటికైతే చెప్పక్కర్లేదు. కలంకారీ వస్త్రాన్నో, పూజగదిలో ఇత్తడి కుందుల్నో ఈ గోడ ముందు ఉంచితే వాటి రంగు ఎంత పలుకుతుందో చూడాల్సిందే. గుమ్మానికి కట్టిన మామిడాకులు కూడా మరింత పచ్చగా కనిపిస్తాయి. అత్తగారి మనసు మారితే ఇక్కడే మారాలి!

అయితే పెద్దవాళ్ల విషయంలో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. ఫొటోల్లో అందంగా ఉందని గోడ, తలుపు, నేల, మెట్లు అన్నీ ఒకే బూడిదలో చేయించేస్తున్నారు. వయసుతోపాటు కంటి కటకం పసుపు బారుతుంది, దగ్గరి రంగుల మధ్య తేడా సరిగా తెలియదు. శుక్లాలు మొదలైతే మరీ కష్టం. మెట్టు అంచు ఎక్కడుందో, నేల ఎక్కడ ముగిసి గోడ మొదలైందో తెలియక పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే మెట్ల అంచుకు, బాత్రూమ్ గడపకు ముదురు గీత ఉండాలి. తెల్ల స్విచ్‌బోర్డు కూడా లేత గోడలో కలిసిపోకుండా చూసుకోవాలి. పెద్దాయన గదికి వేస్తున్నది ఆయనకు కనబడే రంగేనా అని ఆయన్నే అడిగితే పోలా?

పెయింటరు వచ్చేలోపు...

ముందుగా చిన్న డబ్బా తెచ్చి, అట్టముక్క మీద రెండడుగుల మేర రెండు పూతలు వేయించాలి. పచ్చిగా ఉన్నప్పుడు చూసి బెంగపడొద్దు, ఆరాకే అసలు రంగు. దాన్ని పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి లైటు కింద... నాలుగు గోడల దగ్గరా ఆనించి చూడాలి. ఇలా రెండు రోజులు ఆగితే వేల రూపాయలు మిగులుతాయి.

గోడ ఎగుడుదిగుడుగా ఉంటే మెరుపు తక్కువున్న రంగే నయం. మెరిసేది వేస్తే లప్పం గీతలన్నీ పక్కనుంచి పడే వెలుగులో లెక్కపెట్టుకోవచ్చు. వంటింట్లో మాత్రం తుడిస్తే పోయే రకం కావాలి, పోపు చిటపటలు గోడ దాకా వస్తాయి మరి! చెమ్మ ఉన్న గోడకు ముందు ఆ చెమ్మ సంగతి తేల్చాలి. ఉప్పు పొంగి వచ్చే తెల్ల మరకలు బూడిద రంగు మీద మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పాత తలుపుల రంగు గీకించాల్సి వస్తే పిల్లల్ని ఆ దుమ్ముకు దూరంగా ఉంచాలి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు వేసిన రంగులో ఎంతుందో ఎవరు చెప్పగలరు?

పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గదికి గోడలు 440 చదరపు అడుగులు. తలుపులూ కిటికీలూ తీసేస్తే దాదాపు 380. నున్నటి గోడ మీద రెండు పూతలకు లీటరు సుమారు 120 నుంచి 140 అడుగులకు వస్తుంది. అంటే సుమారు మూడు లీటర్లు. మొత్తం ఒకేసారి కొని, డబ్బాలన్నీ పెద్ద బకెట్లో కలిపి వాడమనాలి. వేర్వేరు రోజుల్లో కలిపించిన బూడిదలు పక్కపక్కన పడితే ఆ తేడా అతుకులా కనిపిస్తుంది. మిగిలిన అరలీటరు సీసాలో పోసి, మూత బిగించి అటక మీద పెట్టుకోండి. షేడ్ నంబరు మాత్రం బీరువా తలుపు లోపల రాసిపెట్టుకోవాలి. దీపావళికి పిల్లలు గోడ మీద మసి చేసినప్పుడు వెతుక్కునేది దాన్నే!