స్టాండును నిలిపేది రాపిడే: ట్రైపాడ్ శుభ్రతపై అపోహలు – వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఫొటోగ్రాఫర్ల స్టాండ్లకు తీరిక ఉండదు. పొద్దున హల్దీలో పసుపు నీళ్లు, మధ్యాహ్నం మండపంలో తలంబ్రాలు, హోమం పొగ. ప్రీ వెడ్డింగ్ షూట్ అంటే ధర్మపురి దగ్గర గోదావరి ఇసుకలోనో, మిడ్ మానేరు ఒడ్డు బురదలోనో దిగాలి. సిరిసిల్లలో సాంచాల మధ్య వీడియో తీస్తే గాలిలో తేలే నూలు పీచు కాళ్ల సందుల్లో చేరుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు కోతల కాలంలో రోడ్డు పక్కన ఆరబోసిన వడ్ల దుమ్ము సరేసరి. కెమెరాను, లెన్సును కంటికి రెప్పలా చూసుకునేవాళ్లు కూడా స్టాండు విషయంలో రెండే వైద్యాలు చేస్తారు: బిగుసుకుపోతే నాలుగు చుక్కల నూనె, జారితే ఇంకాస్త గట్టిగా బిగింపు. స్టాండు ఆయుష్షును తగ్గించేవి చాలాసార్లు ఈ రెండే.

ట్రైపాడ్ కాలులో ఒక గొట్టంలో ఇంకో గొట్టం ఉంటుంది. ట్విస్ట్ లాక్‌లో కాలర్‌ను తిప్పితే లోపలి ప్లాస్టిక్ పట్టీ చిన్న గొట్టాన్ని నొక్కి పట్టుకుంటుంది. ఫ్లిప్ లాక్‌లో అదే పని క్లిప్పు చేస్తుంది. రెండింటిలోనూ కాలును నిలబెట్టేది రాపిడి. తేలిగ్గా కదలాల్సిన చోట్లు కొన్ని, గట్టిగా పట్టాల్సిన చోట్లు కొన్ని ఉంటాయి. ఏది ఏదో తెలియకుండా నూనె సీసా తీయకూడదు. ఆ స్టాండు మీద అప్పు చేసి కొన్న కెమెరా ఉంటుంది. దాని ముందు జరిగే మాంగల్యధారణ మళ్లీ జరగదు.

అపోహ: కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె ఏదైనా సరే, కాళ్లకు రాస్తే సాఫీగా జారతాయి.

వాస్తవం: జారతాయి, కెమెరా పైన ఉన్నప్పుడు కూడా. గొట్టం మీద రాసిన నూనె లాక్‌లోని పట్టీకి అంటుకుంటే పట్టు పోతుంది. పైగా తడి గొట్టానికి దుమ్ము అతుక్కుంటుంది. గోదావరి ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అల్యూమినియం కన్నా ఎంతో గట్టిది. వరి పొట్టులోనూ ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది. వీటికి నూనె కలిస్తే తయారయ్యేది గొట్టాన్ని గీకే ముద్ద. కాలు తెరిచి మూసిన ప్రతిసారీ అది గీతలు పెడుతుంది. కొబ్బరి నూనెతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, జగిత్యాల చలికాలపు రాత్రులు అంతకన్నా చాలా చల్లగా ఉంటాయి. తెల్లవారుజాము ముహూర్తానికి తీసిన స్టాండు కాళ్లు మొరాయించడానికి అదొక కారణం. గొట్టాలు పొడిగా, శుభ్రంగా ఉంటే చాలు. వాటికి ఏ నూనె అక్కర్లేదు.

అపోహ: డబ్ల్యూడీ-40 కొడితే శుభ్రతా, గ్రీజూ రెండూ అయిపోతాయి.

వాస్తవం: 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ దీన్ని తయారు చేసింది. తేమను తరిమేసి తుప్పు పట్టకుండా కాపాడటం దాని అసలు ఉద్దేశం. అట్లాస్ క్షిపణుల పైతొడుగుకు మొదట వాడారు. తుప్పు పట్టి బిగుసుకున్న బోల్టును వదిలించడానికి అది మంచిదే. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరయ్యే ద్రావణమే. లాక్ థ్రెడ్ల మీద కొడితే అక్కడున్న మంచి గ్రీజును కూడా కరిగించి కొట్టుకుపోయేలా చేస్తుంది, పలుచని పొర మాత్రం మిగులుతుంది. ఆ కరిగిన జిడ్డు పాకి పట్టీల మీదికి చేరితే మళ్లీ జారుడే.

అపోహ: కాలు జారుతోందంటే సరిగా బిగించలేదన్నట్టే.

వాస్తవం: మామూలు చేతి బలంతో బిగించినా జారుతోందంటే లోపల మురికి ఉంది, లేదా నూనె చేరింది, లేదా పట్టీ అరిగింది. ఇంకా బిగిస్తే పట్టీ నలుగుతుంది, కాలర్ పగులుతుంది. ఫ్లిప్ లాక్ అయితే క్లిప్పు పక్కన బిగింపు సరిచేసే స్క్రూ ఉంటుంది. చాలా స్టాండ్లకు దాని అలెన్ కీ పెట్టెలోనే వస్తుంది. పావు చుట్టు తిప్పి చూడాలి, క్లిప్పు వేసి చేత్తో నొక్కి పరీక్షించాలి. కటింగ్ ప్లయర్‌తో కాలర్‌ను తిప్పడం మాత్రం ఎన్నడూ చేయొద్దు.

అపోహ: హెడ్ బిర్రుగా తిరిగితే బాల్‌కు గ్రీజు పెట్టాలి.

వాస్తవం: బాల్ హెడ్ కెమెరా బరువును మోసేదే ఆ గుండ్రటి లోహం మీద పడే రాపిడితో. బయటి నుంచి గ్రీజు పెడితే కెమెరా నెమ్మదిగా ముందుకు వాలుతుంది. పొడి మెత్తని గుడ్డతో తుడవాలి. జిడ్డు ఉంటే గుడ్డకు కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి. వీడియో వాళ్లు వాడే ఫ్లూయిడ్ హెడ్ సంగతి వేరు. 1940లలో ఆస్ట్రేలియాలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో లోపల చిక్కటి ద్రవం ఉండి, పాన్ చేసేటప్పుడు కుదుపులు రాకుండా ఆపుతుంది. దాన్ని సీల్ చేసి ఇస్తారు. విప్పి నూనె పోస్తే ఆ చిక్కదనం తిరిగి రాదు. ద్రవం కారుతుంటే సర్వీస్ సెంటర్‌కు పంపడమే దారి.

అపోహ: ఇంట్లో వ్యాజిలిన్ ఉంది, వేరే గ్రీజు ఎందుకు?

వాస్తవం: మన ప్రాంతంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. మూసి ఉన్న కారు డిక్కీలో ఇంకా ఎక్కువ. ఆ వేడికి వ్యాజిలిన్ కరిగి, థ్రెడ్ల నుంచి గొట్టం మీదికి కారుతుంది. బండి చైన్లకు, బేరింగులకు వాడే గ్రీజు మరీ చిక్కన, మట్టిని పట్టుకుంటుంది. కాలర్ థ్రెడ్లకు కావలసింది ప్లాస్టిక్‌ను పాడుచేయని పలుచని సిలికాన్ గ్రీజు గానీ, స్టాండు తయారీదారు చెప్పిన గ్రీజు గానీ. పాత బ్రష్షుతో థ్రెడ్ల మీద సన్నని పొర పూసి, ఎక్కువైంది గుడ్డతో తీసేయాలి. కంటికి ముద్దగా కనిపించిందంటే ఎక్కువైనట్టే. గ్రీజు థ్రెడ్లకే. పట్టీలకు, గొట్టాలకు తగలకూడదు.

అపోహ: పెట్రోలుతో గానీ కిరోసిన్‌తో గానీ తుడిస్తే కొత్తదిలా మెరుస్తుంది.

వాస్తవం: ప్లాస్టిక్ పట్టీలు, రబ్బరు కాళ్లు, చేత్తో పట్టుకునే ఫోమ్ తొడుగులు, భాగాలను అతికించిన గమ్ము, ఇవన్నీ ఆ ద్రావణాలకు దెబ్బతింటాయి. నిప్పు ప్రమాదం ఉండనే ఉంది. గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లు, పాత టూత్ బ్రష్షు, నూలు పీచు రాలని గుడ్డ సరిపోతాయి. హల్దీ మరక నీళ్లకు పోదు, ఎందుకంటే పసుపులోని రంగు నీటిలో కరగదు. ముందు సబ్బునీళ్లతో జిడ్డు తీసి, ఆ తరువాత ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే లోహం మీద మరక పోతుంది. రబ్బరు మీద రంగు మిగిలినా పనికి నష్టం లేదు.

అపోహ: పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే లోపలి దుమ్మంతా పోతుంది.

వాస్తవం: మూసి ఉన్న లాక్ మీద కంప్రెసర్ గాలి కొడితే ఇసుక, పీచు సందుల్లోంచి ఇంకా లోపలికి పోతాయి. ఆ గాలితో పాటు తేమ, కొంత నూనె కూడా వస్తాయి. సాంచాల షెడ్డులో పని చేసి వచ్చాక కాళ్లు ముడవకముందే, పూర్తిగా తెరిచి ఉన్నప్పుడే, పొడి బ్రష్షుతో పై నుంచి కిందికి దులపాలి. ముడిచాక ఆ పీచు గొట్టాల మధ్య చుట్టుకుంటుంది.

అపోహ: కార్బన్ ఫైబర్ స్టాండుకు తుప్పు పట్టదు, కాబట్టి కడగక్కర్లేదు.

వాస్తవం: 1994లో గిట్జో కంపెనీ మౌంటెనీర్ పేరుతో కార్బన్ ఫైబర్ స్టాండ్లను తెచ్చినప్పటి నుంచి ఈ నమ్మకం స్థిరపడింది. గొట్టానికి తుప్పు పట్టదన్నది నిజం. కాలర్లు, పైన కాళ్లను కలిపే భాగం, స్క్రూలు మాత్రం లోహమే. కార్బన్‌కు అల్యూమినియం తగిలి, మధ్యలో నీళ్లు నిలిస్తే అల్యూమినియం ఇంకా త్వరగా క్షయిస్తుంది. ఉప్పునీళ్లయితే మరీ వేగంగా. షూట్ కోసం విశాఖో, సూర్యలంకో వెళ్లి సముద్రంలో నిలబెట్టిన స్టాండును అదే రోజు మంచినీళ్లతో కడగాలి. ఇంటికొచ్చాక చూద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది.

అపోహ: గోదావరి నీళ్లు మంచినీళ్లే, తడిసినా ఏం కాదు.

వాస్తవం: ఉప్పు లేకపోయినా ఇసుక, ఒండ్రు ఉంటాయి. నీళ్లలో నిలబెట్టేటప్పుడు అందరూ అలవాటుగా పైనున్న లావు గొట్టాలనే ముందు తెరుస్తారు. అప్పుడు కింది లాక్‌లన్నీ నీళ్లలో మునుగుతాయి. నదిలోనో చెరువులోనో అయితే ముందు అట్టడుగు సన్నని గొట్టాన్ని పూర్తిగా లాగాలి. లాక్ నీటికి పైన ఉంటుంది, కింద తడిసేది గొట్టమే. బతుకమ్మ నిమజ్జనం తీసేటప్పుడు ఈ ఒక్క అలవాటు సగం మరమ్మతును తప్పిస్తుంది. పని అయ్యాక గొట్టం తుడవకుండా లోపలికి తోయొద్దు. ఇంటికొచ్చాక కాళ్లు తెరిచి, నీడన రాత్రంతా ఆరనివ్వాలి. తడి స్టాండును సంచిలో పెట్టి జిప్పు వేయడం లోపలి స్క్రూలకు తుప్పును పిలిచినట్టే.

అపోహ: కాలు విప్పితే మళ్లీ బిగించలేం.

వాస్తవం: ఒకసారి చూస్తే ఎవరైనా చేయగలరు, ట్విస్ట్ లాక్ అయితే మరీ సులువు. ఒక్క నియమం పాటించాలి: ఒకసారికి ఒకే కాలు. మిగతా రెండు కాళ్లు నమూనాగా పక్కనే ఉంటాయి. కాలర్‌ను పూర్తిగా వదులు చేసి గొట్టాన్ని లాగితే, దాని పై చివర రెండు సగాలుగా ఉన్న పట్టీలు కనిపిస్తాయి. అవి కింద పడిపోకుండా తెల్ల గుడ్డ పరిచి దాని మీద పని చేయాలి. తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. పట్టీల మీది బొడిపెలు గొట్టంలోని రంధ్రాల్లో కూర్చోవాలి, లేకపోతే కాలు తనంతట తాను తిరుగుతుంది. గొట్టం లోపల, బయట, థ్రెడ్లు సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, థ్రెడ్లకు మాత్రమే గ్రీజు పూసి, తీసిన వరుసకు తిరగేసి బిగించాలి. అయ్యాక కెమెరా పెట్టకముందే కాలు తెరిచి లాక్ వేసి, పైనుంచి చేత్తో గట్టిగా నొక్కి చూడాలి. పట్టీ పగిలి ఉంటే అతికించకుండా కొత్తది తెప్పించాలి.

అపోహ: పాడైనప్పుడు చూసుకుంటే చాలు.

వాస్తవం: ఇసుక, నీళ్లు, పసుపు తగిలిన రోజు వెంటనే తుడవాలి. పూర్తిగా విప్పి కడగడానికి ఆషాఢం, మూఢాలు మంచి సమయం. ముహూర్తాలు లేని ఆ రోజుల్లో ఒక పూట కూర్చుంటే మూడు కాళ్లూ అయిపోతాయి. అప్పుడే క్విక్ రిలీజ్ ప్లేటు స్క్రూ, హెడ్ కింది బోల్టు బిగింపు, రబ్బరు కాళ్ల అరుగుదల కూడా చూసుకోవాలి. 2015లో జరిగిన గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో రానున్నాయి. ధర్మపురి ఘాట్ల మీద జనం తోపులాటలో స్టాండు బాగు చేసుకునే తీరిక ఎవరికీ దొరకదు. లాక్ జారుతోందని ఇప్పుడే అనుమానం ఉంటే ఈ వారమే ఒక కాలు విప్పండి. నూనె సీసా పక్కన పెట్టి, సబ్బునీళ్లతో మొదలుపెట్టండి.