వర్షారణ్యంలో జలపాత యాత్ర : పాటించవలసిన ఆరోగ్య నియమాలు

శృంగేరి శారదాంబ దర్శనానికి వెళ్ళే తెలుగు కుటుంబాలు, అక్కడి నుండి ఉడుపికి సాగిపోతూ దారిలో ఆగుంబెలో ఒక పూట ఆగడం పరిపాటి అయింది. శృంగేరికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా తీర్థహళ్ళి తాలూకాలో, సహ్యాద్రి అంచున ఉన్న చిన్న గ్రామం అది. 1980లలో దూరదర్శన్‌లో వచ్చిన ‘మాల్గుడి డేస్’ చిత్రీకరణ చాలావరకు అక్కడే జరిగింది. మన హైదరాబాదులో ఏడాదికి కురిసే వాన 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కాగా, ఆగుంబెలో సగటున 7,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అందువల్లనే దానిని దక్షిణ భారతదేశపు చిరపుంజి అంటారు.

గ్రామం నుండి అడవిలోకి పోయే కాలిబాటలు కొన్ని జలపాతాలకు చేరుస్తాయి. జోగిగుండి చిన్నది, దగ్గరిది; క్రింద లోతైన మడుగు ఉంటుంది. ఒనకె అబ్బికి మరింత దూరం నడవాలి. కన్నడంలో ఒనకె అంటే రోకలి, అబ్బి అంటే జలపాతం. పై నుండి పడే నీరు రోకటిపోటులా ఉంటుందని ఆ పేరు. ఈ బాటలకు అటవీశాఖ వారి అనుమతి అవసరం. వానలు ముమ్మరంగా ఉన్న రోజులలో మూసివేయడం కూడా కద్దు. కాబట్టి ముందుగా విచారించుకొని, స్థానికుడైన మార్గదర్శిని వెంట తీసుకొని బయలుదేరవలెను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జలపాతం నిండుగా ఉండేది వానకాలంలో. మన శరీరం అటువంటి నడకకు అనువుగా ఉండనిదీ ఆ కాలంలోనే.

ఏ ఋతువులో వెళ్ళాలి?

వర్ష ఋతువులో జఠరాగ్ని మందగిస్తుందని, వాతం ప్రకోపిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. అష్టాంగహృదయం సూత్రస్థానంలోని ఋతుచర్యాధ్యాయంలో వాగ్భటాచార్యులు ఆ ఋతువులో వర్జించవలసిన వాటిని చెబుతూ నదీజలం, పగటి నిద్ర, ఎండలతో పాటు ఆయాసాన్ని కూడా చేర్చారు. సంస్కృతంలో ఆయాసమంటే శ్రమ. మనం తెలుగులో ఊపిరి అందకపోవడాన్ని ఆయాసం అంటున్నాం. శ్రావణమాసంలో జారుడు బురదలో ఏటవాలు బాట ఎక్కినవారికి ఈ రెండర్థాలూ ఒకేసారి బోధపడతాయి. గాలిలో తేమ నిండి ఉన్నందున చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒంటి వేడి తగ్గదు. చెట్ల నీడలో చల్లగా ఉన్నట్లు తోచినా లోపల శరీరం అలసిపోతూనే ఉంటుంది.

బలంగా వ్యాయామం చేయదగిన కాలాలు శీతకాలమూ వసంతమూ అని, తక్కిన ఋతువులలో స్వల్పంగా చేయాలని శాస్త్రం. ఆ లెక్కన మార్గశిర, పుష్య మాసాల హేమంతం శ్రేష్ఠం కావాలి. అయితే ఈ ప్రాంతంలో కోతిజ్వరం సాధారణంగా తలెత్తేదీ నవంబరు, డిసెంబరులు మొదలుకొని మే నెల వరకే. దీనిని గురించి ముందు వివరిస్తాము. రెండింటినీ తూచి చూస్తే, కార్తీకం చివరి నుండి మార్గశిరం తొలి రోజుల వరకు, అంటే సుమారుగా నవంబరు మాసం, కుటుంబాలకు అనుకూలమని మా అభిప్రాయం. జలపాతంలో నీరు ఇంకా ఉంటుంది, వానలు వెనుకబడతాయి, జలగలు తగ్గుతాయి. పైగా మన ఇళ్ళలో అది వనభోజనాల కాలమే గదా!

శరదృతువులో నీరు నిర్మలమై ‘హంసోదకం’ అవుతుందని గ్రంథాలు ప్రశంసించాయి. ఆ మాట పట్టుకొని సెలయేటి నీటిని దోసిలితో త్రాగరాదు. ఎగువన పశువులు తిరిగేదీ ఎలుకలు మెసిలేదీ మనకు కనబడదు. కాచి చల్లార్చిన నీటినే ఇంటి నుండి లేదా బస నుండి తీసుకొని పోవలెను.

ఎంత నడవాలి?

తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలన్నది మన ఆచార్యుల నియమం. ఆ సగం ఎక్కడ వచ్చిందో తెలుసుకోవడానికి సుశ్రుతాచార్యులు సులువైన గుర్తు చెప్పారు. ముక్కుతో తీసే శ్వాస చాలక నోరు తెరవవలసి వస్తే అర్ధబలం ఖర్చయినట్లే. నుదుట, చంకలలో చెమట పట్టడాన్ని కూడా గుర్తుగా చెబుతారు గాని, వర్షారణ్యపు తేమలో నాలుగడుగులకే చెమట పోస్తుంది. అక్కడ అది నమ్మదగిన కొలత కాదు. శ్వాసనే గమనించాలి. జలపాతం వద్దకు చేరేసరికి సగం బలమే పోయి ఉంటే, తిరిగి రావడానికి మిగతా సగం ఉంటుంది. చాలామంది చేరడంలోనే అంతా ఖర్చు చేసి, వచ్చేటప్పుడు వణికే మోకాళ్ళతో జారిపడతారు.

అందరికన్నా మెల్లగా నడిచేవారిని ముందు నడవనిచ్చి, తక్కినవారు వారి వెనుక నడవడం మంచిది. వాతపిత్త రోగులు, పసిపిల్లలు, వృద్ధులు, అజీర్ణంతో ఉన్నవారు వ్యాయామానికి అనర్హులని వాగ్భటుని మాట. వీరిని బలవంతంగా తీసుకుపోక, ఊరిలో అరుగు మీద కూర్చోబెట్టి సాయంకాలం సూర్యాస్తమయ స్థలానికి వాహనంలో తీసుకుపోతే వారికీ తృప్తి కలుగుతుంది. గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా ఈ నడక పెట్టుకోరాదు. దారిలో ఛాతీలో పట్టేసినట్లు అనిపిస్తే అది గ్యాస్ అని సరిపెట్టుకోక వెంటనే ఆగి, ఆస్పత్రికి చేరే ప్రయత్నం చేయవలెను. మధుమేహం ఉన్నవారు జేబులో పంచదార గాని బెల్లం గాని ఉంచుకోవాలి. నీటి దగ్గర కూడా చెప్పులు విడవరాదు. వారికి అరికాలి గాయం తెలియకుండానే పుండు కావచ్చు.

తినడానికి అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగలు చాలును. పులిహోర దిట్టంగా తిని నడక మొదలుపెట్టడం తగదు. లీటరు కాచిన నీటిలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఉంచుకుంటే చెమటతో పోయిన దానికి బదులు చేకూరుతుంది.

చేరిన వెంటనే చెమట ఒంటితో చన్నీటిలోకి దిగకూడదు. శ్వాస నెమ్మదించి, చెమట ఆరిన తరువాతనే కాళ్ళు కడుగుకోవాలి. ధార క్రింద తల పెట్టడం, మడుగులో ఈదడం వద్దే వద్దు. ఎగువన కురిసిన వానకు నీరు క్షణాలలో పెరుగుతుంది. ధారతో పాటు రాళ్ళూ కొమ్మలూ వస్తాయి.

జలగలు

ఇళ్ళలో అందరినీ భయపెట్టేవి ఇవే. నిజానికి అతి తక్కువ హాని చేసేవీ ఇవే. సుశ్రుతసంహిత సూత్రస్థానం 13వ అధ్యాయం పూర్తిగా జలగల గురించే. సవిషాలు ఆరు, నిర్విషాలు ఆరు అని పన్నెండు రకాలు చెప్పి, నిర్విషమైన వాటితో దుష్టరక్తాన్ని తీయించే పద్ధతిని వివరించారు. అవి నీటి జలగలు. ఆగుంబె అడవిలో ఆకుల మీద, నేల మీద పొంచి ఉండేవి వేరు. మన వేడిని, అడుగుల కదలికను పసిగట్టి ఎక్కుతాయి.

జలగ వదలకపోతే సైంధవలవణం చల్లమని సుశ్రుతుడు చెప్పిన మాటను బట్టి చాలామంది ఉప్పు మూట వెంట తీసుకుపోతారు. అదే అధ్యాయంలో, వదిలిన జలగ నోటికి నూనె, ఉప్పు రాసి అది త్రాగిన రక్తాన్ని కక్కించే విధానం కూడా ఉంది. అంటే ఉప్పు తగిలితే జలగ కక్కుతుంది. పట్టుకొని ఉండగా ఉప్పు చల్లితే ఆ కక్కినది గాయంలోకే పోవచ్చు. వైద్యుడు శుభ్రంగా పెంచిన జలగ సంగతి వేరు, అడవి జలగ సంగతి వేరు. కనుక నోరున్న సన్నని కొన దగ్గర చర్మానికి ఆనించి గోటిని ప్రక్కకు జరిపితే పట్టు విడుస్తుంది. తరువాత రెండవ కొన. ఉప్పును, వేపనూనెను మేజోళ్ళకు, బూట్ల అంచులకు రాసుకోవడానికి ఉపయోగించవలెను.

జలగ లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం ఉంటుంది. అందుచేత అది వదిలిన తరువాత కూడా కొంతసేపు రక్తం కారుతుంది. సబ్బునీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారికి ఇది ఎక్కువసేపు కారవచ్చు. వారు అటువంటి బాటకు పోకపోవడమే మేలు.

పిడుదులు, తిరిగివచ్చాక వచ్చే జ్వరం

అసలు భయపడవలసినది కనబడీ కనబడని పిడుదులకు. 1957లో ఇదే శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు చనిపోవడం, ఆ వెనుకనే మనుషులకు జ్వరాలు రావడం గమనించారు. కోతిజ్వరమని, క్యాసనూరు అటవీ వ్యాధి అని పిలిచే ఇది పిడుదు కాటుతో వస్తుంది. వచ్చినవారిలో నూటికి ముగ్గురు నుండి ఐదుగురు మరణించే అవకాశం ఉన్నది. దీనికి నిర్దిష్టమైన మందు లేదు. ఇదివరలో ఇచ్చిన టీకాను కూడా 2022లో నిలిపివేశారు. తీర్థహళ్ళి తాలూకా ఈ వ్యాధి కనబడిన ప్రాంతాలలో ఒకటి. చచ్చిన కోతి కనబడిన చోట నిలువక వెనుదిరిగి, అధికారులకు తెలుపవలెను.

నిండు చేతుల చొక్కా ధరించి, ప్యాంటు అంచులు మేజోళ్ళలో దోపుకోవాలి. ఆకుల మీద, నేల మీద కూర్చోరాదు. బసకు రాగానే బట్టలు వేడినీటిలో వేసి, స్నానం చేస్తూ చంకలు, గజ్జలు, మోకాలి వెనుక, చెవుల వెనుక ఒకరినొకరు పరీక్షించుకోవాలి. పిడుదు కనబడితే నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం కూడదు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా నిటారుగా లాగివేయాలి. ఈ పరీక్ష ముగిసిన తరువాతనే పాదాలకు, పిక్కలకు నువ్వులనూనె మర్దన చేసుకోవడం, ముందు కాదు.

ఇల్లు చేరిన వారం పది రోజులకు తీవ్రమైన తలనొప్పి, ఒంటినొప్పులతో జ్వరం వస్తే ‘ప్రయాణపు బడలిక’ అని ఊరుకోవడమే పెద్ద పొరపాటు. కోతిజ్వరం సాధారణంగా కాటు తరువాత 3 నుండి 8 రోజులకు తలెత్తుతుంది. కలుషితమైన నీటి వలన వచ్చే ఎలుకజ్వరం తరచుగా 5 నుండి 14 రోజులకు వస్తుంది. కళ్ళు ఎర్రబడడం, పిక్కల నొప్పి అందులో ఎక్కువ. పొదలలోని సూక్ష్మకీటకాల వలన వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంలో ఒంటి మడతలలో ఎక్కడో నల్లని పెచ్చు కట్టిన చిన్న పుండు ఉండవచ్చు. ఈ చివరి రెండింటికీ చక్కని మందులున్నాయి, వేళకు మొదలుపెడితేనే. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్ళు, గంధం, కురువేరు, శొంఠితో కాచిన షడంగపానీయం జ్వరంలో దప్పికకు మంచిదే. కాని దానిని త్రాగుతూ మూడు రోజులు వేచి చూడడం ఇక్కడ పనికిరాదు. మొదటి రోజే రక్తపరీక్ష అవసరం.

వైద్యులు అడగకపోయినా, ఏ తేదీన ఏ అడవిలో నడిచిందీ, జలగ గాని పిడుదు గాని పట్టిందీ, నీటిలో దిగిందీ లేనిదీ మనమే చెప్పాలి. ఊరి నుండి రాగానే ఆ తేదీని వంటింటి క్యాలెండరు మీద గుర్తు పెట్టి, నాలుగు వారాల వరకు ఉంచవలెను.