డ్యూటీ దిగని ఒళ్లు

భిలాయ్ ఉక్కు నగరంలో మూడు షిఫ్టుల బతుకు. సడలడం కూడా నేర్చుకోవాల్సిన పనే!

నైట్ షిఫ్ట్ పొద్దున ఆరింటికి అయిపోతుంది. ప్లాంటు గేట్ల నుంచి మోటార్‌సైకిళ్లు సెక్టార్ల వైపు బారులు తీరతాయి. ఇల్లు చేరిన మనిషి స్నానం చేసి, నాలుగు ఇడ్లీలు తిని, కిటికీ పరదా లాగి పడుకుంటాడు. నిద్ర మాత్రం రాదు. కళ్లు మండుతుంటాయి. దవడ బిగిసే ఉంటుంది. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కి కూర్చుంటాయి. ఆయన డ్యూటీ దిగాడు గానీ ఒళ్లు ఇంకా దిగలేదు.

ఈ ఊళ్లో తెలుగువాళ్లకు ఇది తరాలుగా అలవాటైన అవస్థ. సోవియట్ యూనియన్‌తో 1955లో ఈ ప్లాంటు కోసం ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పట్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ రైలెక్కినవాళ్ల పిల్లలు, మనవలు ఇవాళ ఇక్కడి క్వార్టర్లలో, సొంతిళ్లలో ఉన్నారు. సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర నిలబడితే హిందీ కలిసిన తెలుగు చెవిన పడుతుంది. ‘ఎలా ఉన్నావు బావా’ అంటే ‘ఏముంది, నడుస్తోంది’ అన్నదే జవాబు. నడుం ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది అన్న మాట అందులోకి రాదు.

మొద్దుబారిపోయిన మనుషులా అంటే కాదు. రోలింగ్ మిల్లులో పాతికేళ్లు చేసినవాడు మోటారు చప్పుడు విని బేరింగు పోతోందని చెప్పగలడు. అదే మనిషికి తన మెడ ఆర్నెల్లుగా ఒక పక్కకే తిరుగుతోందని భార్య చెబితే గానీ తెలియదు. ప్లాంటులో బతికి బయటపడాలంటే చూపూ చెవీ ఎప్పుడూ బయటే ఉండాలి. పైన క్రేన్, పక్కన కరిగిన ఇనుము, కాలికింద పట్టాలు. ఒంటి సంగతి పట్టించుకుంటే పని సాగదు. ఎనిమిది గంటల డ్యూటీకి 90 డెసిబెల్స్‌ను మించిన చప్పుడు ఉండకూడదని మన నిబంధన. ఆ హద్దు లోపలి చప్పుడుకైనా ఒళ్లు జాగ్రత్త పడుతూనే ఉంటుంది. గుండె వేగం కాస్త పెరుగుతుంది, కండరం కాస్త బిగుస్తుంది. గేటు దాటగానే ఆ బిగువు దానంతటది వదలదు.

రాత్రి పని దీనికి తోడు. ఒంటి లోపలి గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ వచ్చింది. షిఫ్టు మారినంత తేలిగ్గా ఆ గడియారం మారదు. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉన్నవాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది.

మరి ఈ బిగువు దింపుకోవడానికి కార్మికుడు ఇన్నాళ్లూ ఏం చేశాడు? చాలామంది చేసిందే చేశాడు, సీసా పట్టాడు. భిలాయ్‌కి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనుల్లో 1980ల మొదట్లో కార్మిక సంఘమే సారాకు ఎదురు తిరిగింది. మన దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించడానికి దాదాపు పదేళ్ల ముందు మాట అది. నాయకుడు శంకర్ గుహా నియోగి, ఒకప్పుడు ఈ భిలాయ్ ప్లాంటులోనే కార్మికుడు. తాగుడు మానమని చెప్పి ఊరుకోలేదు వాళ్లు. 1977లో ఆ గనుల్లో కార్మికుల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్ల పేరిట కార్మికులే చందాలు వేసుకుని, శ్రమదానం చేసి షహీద్ ఆస్పత్రి కట్టుకున్నారు. 1991 సెప్టెంబరులో నియోగిని భిలాయ్‌లోనే కాల్చి చంపారు. కార్మికుడి ఒళ్లు కార్మికుడి సొంతమన్న ఆలోచన ఈ నేలకు కొత్త కాదని చెప్పడానికే ఇదంతా.

సడలే విద్య కూడా ఈ చుట్టుపక్కల ఉన్నదే. పడుకుని, మాట వింటూ, ఒంట్లో ఒక్కో భాగం మీదికి మనసును తిప్పే యోగనిద్రను ఇప్పటి రూపానికి తెచ్చింది ముంగేర్‌లో బిహార్ యోగ విద్యాలయం స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి. ఆయన వారసుడు స్వామి నిరంజనానంద పుట్టింది భిలాయ్ పక్కనున్న రాజనందగావ్‌లో, 1960లో. సత్యానంద దీన్ని తంత్రంలోని న్యాసం నుంచి తీసుకున్నానని చెప్పారు. సంధ్యావందనంలో అంగన్యాస కరన్యాసాలు చేసే ఇళ్లలో ఈ తిప్పడం కొత్తగా అనిపించదు.

దుర్గ్ జిల్లాలోనే థనౌద్ గ్రామంలో ధమ్మకేతు అనే విపశ్యన కేంద్రం ఉంది. హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త పద్ధతే ఇక్కడా. పదిరోజుల మౌనం, ఫీజు లేదు, తల నుంచి కాలి దాకా ఒంట్లో తెలిసేదాన్ని తెలిసినట్టు గమనించడం. దీన్ని మన దేశానికి తిరిగి తెచ్చిన సత్యనారాయణ్ గోయంకా బర్మాలో పెద్ద వ్యాపారి. పార్శ్వపు నొప్పికి మార్ఫిన్ ఇంజెక్షన్ల దాకా వెళ్లినవాడు. 1955లో అక్కడి విపశ్యన గురువు ఉ బా ఖిన్ దగ్గరికి వెళితే, తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావద్దని ఆయన మొదట వెనక్కి పంపేశారు. ఆ మాటలో పస ఉంది. తగ్గిందా తగ్గిందా అని గంటకోసారి తడిమి చూసుకునేవాడికి నొప్పి పెరిగే అవకాశమే ఎక్కువ.

పదిరోజులు సెలవు దొరకని కాంట్రాక్టు కార్మికుడికి నేను చెప్పేది ఎడ్మండ్ జాకబ్‌సన్ పద్ధతి. ఈ అమెరికన్ డాక్టరు 1929లో తన పుస్తకం వేశాడు. హాయిగానే ఉన్నానని చెప్పే మనిషి కండరాల్లో కూడా మిగిలిపోయిన బిగువును విద్యుత్ పరికరంతో కొలిచి చూపించాడు. పద్ధతి మంచం మీదే చేసేది. కుడి పిడికిలి మాత్రం ఐదారు క్షణాలు బిగించండి. మిగతా ఒళ్లు కదలకూడదు. ఒక్కసారిగా వదిలేయండి. ఇప్పుడు అర నిమిషం ఏమీ చేయకుండా ఆ చేతినే గమనించండి. వేళ్లు వాటంతటవే కొంచెం ముడుచుకుంటాయి, చాచొద్దు. బరువుగానో వెచ్చగానో తిమ్మిరిగానో ఉంటుంది. ఏమీ తెలియకపోయినా పరవాలేదు. తర్వాత ఎడమ చేయి. భుజాలు చెవులదాకా ఎత్తి వదలడం. నుదురు. దవడ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. పళ్లు ఎడంగా, నాలుక కింద వాలి ఉండాలి. పిక్కల దగ్గర మాత్రం జాగ్రత్త. ఫర్నేస్ దగ్గర చెమటోడ్చి వచ్చినవాళ్లకు కాలివేళ్లు కిందికి చాపితే పిక్క పట్టేస్తుంది. వేళ్లను మోకాలి వైపు లాగి వదలాలి. ఊపిరి బలవంతంగా లాగొద్దు, వదిలేది కొంచెం నిదానం చేస్తే చాలు. మధ్యలో నిద్ర పట్టేస్తే పట్టనివ్వండి, అందుకేగా పడుకుంది!

డాక్టర్లు ఇలాంటి సడలింపును తేలిగ్గా తీసేయలేదు. బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో డాక్టర్ కె.కె. దాతే బృందం 47 మంది రక్తపోటు రోగులకు శవాసనం నేర్పి ఫలితాలను 1969లో ప్రచురించింది. చాలామందికి పోటు తగ్గింది, కొందరికి మందుల మోతాదు తగ్గించగలిగారు. లండన్‌లో డాక్టర్ చంద్రా పటేల్ 1975లో రోగులను రెండు జట్లుగా విడదీసి పోల్చి చూస్తే సడలింపు నేర్చినవాళ్లకే ఎక్కువ మేలు కనిపించింది. ఇవి చిన్న అధ్యయనాలు. వీటిని చూసి ఎవరూ మాత్రలు మానేయకూడదు. రక్తపోటు ఎంతుందో లోపలికి చూసుకుంటే తెలియదు, పట్టీ కట్టి కొలవాల్సిందే.

ఒళ్లు చెప్పలేనివి ఇంకా ఉన్నాయి. 2014 జూన్‌లో ఇదే ప్లాంటులో కార్బన్ మోనాక్సైడ్ ఆరుగురిని బలి తీసుకుంది. వాళ్లలో పెద్ద అధికారులూ ఉన్నారు. దానికి వాసన లేదు, రంగు లేదు. ఎంత ధ్యానం చేసినవాడినైనా అక్కడ కాపాడేది గ్యాస్ మీటరే. 2018 అక్టోబరులో కోక్ ఓవెన్ గ్యాస్ పైపు దగ్గర మంటలు లేచి పదిమందికి పైగా చనిపోయారు. అలాంటివి కళ్లారా చూసినవాడికి కళ్లు మూసుకోగానే అదే కనిపించవచ్చు. కళ్లు తెరిచి, కూర్చుని, అరికాళ్లు నేలకు ఆనించి మొదలుపెట్టడం మేలు. గుండె దడ పెరుగుతుంటే ఆపేసి మానసిక వైద్యుణ్ని కలవాలి. ఛాతీలో నొప్పి వస్తే శవాసనం వేయడం కాదు, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఇంకొక ఒంటి గురించి ఎవరూ మాట్లాడరు. ఆయనకు ఫస్టు షిఫ్టు ఉన్న వారం భార్య నాలుగున్నరకే లేచి డబ్బా కడుతుంది. నైటు ఉన్న వారం పగలంతా టీవీ తగ్గించి, పిల్లల్ని అదిలిస్తూ ఇల్లు నిశ్శబ్దంగా ఉంచుతుంది. ఆవిడకు షిఫ్టు దిగే టైమంటూ లేదు. పైన చెప్పిన పిడికిలి పాఠం ఆవిడ కూడా చేయాలి, ఆ పావుగంట కుక్కర్ దగ్గర ఆయన నిలబడాలి.

అలాగని భారమంతా పడక మీదికి నెట్టేసి యాజమాన్యం చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు. ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగులు తగ్గిపోయి కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. డబుల్ డ్యూటీ చేసి వచ్చినవాడికి ముందు కావాల్సింది నిద్రపోవడానికి సరిపడా గంటలు. ఆ తర్వాతే యోగనిద్ర. సంఘాలు ఈసారి డిమాండ్ల కాగితం రాసేటప్పుడు జీతం, బోనస్‌ల కింద రెండు లైన్లు చేర్చాలి: షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య కచ్చితమైన విరామం, విశ్రాంతి గదిలో వెన్ను వాల్చే చోటు.