నిచ్చెన మీది చదువు

పిల్లవానికి సంఘభావమును, ప్రకృతియెడ ప్రేమను, తనంత తానాలోచించు నేర్పును అలవరచవలెనని చెప్పని విద్యావేత్త లేడు. అయినను వీనిని మూడు పాఠములుగా విడదీసి, ఒక్కొక్కదానికి వారమున కొక గంట కేటాయించి, సంవత్సరాంతమున పరీక్ష పెట్టు పద్ధతియే మన బడులలో తఱచు కానవచ్చును. నీతిపాఠపు గంటలో పరోపకారమును వల్లించిన బాలుడే మఱుసటి గంటలో ప్రక్కవాడు చూచి వ్రాయునేమోయని పలకకు చేయి అడ్డము పెట్టుకొనును. వాని తప్పేమున్నది? మనము నేర్పినదే వాడు నేర్చినాడు.

ఇందుకు వేఱైన దారి పట్టిన బడులును కలవు. మదనపల్లెకు చేరువనున్న ఋషివ్యాలీ పేరు వినని వారరుదు. 1895లో మదనపల్లెలోనే జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిగారి ఆశయముల ననుసరించి వెలసిన ఆ వసతి విద్యాలయమున, సాయంవేళ విద్యార్థులు ఒకచో గూడి, మాట పలుకక, క్రుంకుచున్న సూర్యుని చూచుచు కూర్చుండు ఆచారము కలదు. మంచిదే. కాని అట్టి బడి అందఱి బిడ్డలకు నందునది కాదు. నా మనస్సు నాకర్షించినవి, ఆ సంస్థవారే 1980ల నుండి చుట్టుపట్ల పల్లెలలో నడపుచు వచ్చిన ఏకోపాధ్యాయ పాఠశాలలు.

ఒకే గది, ఒకే అయ్యవారు, ఒకటి నుండి ఐదు తరగతుల పిల్లలు. ఇట్టిచోట తరగతి కొక పాఠము చెప్పబూనినచో ఒకరికి చెప్పునంతసేపు తక్కినవారు గోడలు చూచుచుండవలసినదే. అందుచేత ఆ సంస్థవారు పాఠ్యపుస్తకమును చిన్నచిన్న మెట్లుగా విభజించి, మెట్టునకు కొన్ని కార్డులు చేసి, వానిపై గుర్తులుగా బొమ్మలు వేసి, ఆ క్రమమంతయు నొక నిచ్చెన పటముగా గోడకు తగిలించిరి. పిల్లవాడు పటముపై తన మెట్టెక్కడనో తానే చూచుకొని, తన కార్డు తానే తెచ్చుకొని, కొంత అయ్యవారి సాయమున, కొంత తోడి బాలుర సాయమున, కొంత స్వయముగా నేర్చుకొనును. వేరుసెనగ కాయలు పెఱుకు దినములలో వారము రోజులు బడి మానిన పిల్లవాడు తిరిగివచ్చి, విడిచిన మెట్టుననే మరల మొదలుపెట్టును. వాడు వెనుకబడినాడన్న మాటయే పుట్టదు. పై మెట్టునున్న పిల్ల క్రింది మెట్టువానికి చెప్పి చూపుట అచ్చట ఉపకారము కాదు, నిత్యకృత్యము. సంఘభావమునకు వేఱుగా గంట అక్కఱలేదు.

ఇక ఊరు. పెద్దలు చెప్పుకొను కథలను సేకరించి వాచకములుగా కూర్చుటయు, కరవు సీమలో బడిచుట్టు చెట్లు పెంచుటయు నట్లుండగా, నాకు మిక్కిలి నచ్చినది కొలతల మేళా. పిల్లలే త్రాసులు, కొలబద్దలు పట్టుకొని ఊరివారి యెత్తు, బరువు చూచి లెక్క చెప్పుదురు. ఎన్నియో యేండ్లుగా కంటిచూపుతోనే తూచినవారు, తమ అంచనా నిజమో కాదో మనుమని లెక్కతో సరిచూచుకొందురు. పెద్దలమాట నైనను పరీక్షించి చూడవలెనన్న బుద్ధికి ఇంతకన్న సున్నితమైన బోధన నేనెఱుగను; అందు ధిక్కారము లేదు, త్రాసు మాత్రమే యున్నది.

ఈ పద్ధతి కర్ణాటకమున 1995లో ‘నలి కలి’ పేర మైసూరు జిల్లాలో మొలకెత్తుటకును, 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలలో అడుగుపెట్టుటకును ప్రేరణ మైనది. ఐతే ఒక్క సంశయము. కార్డులను లక్షలుగా అచ్చొత్తింపవచ్చును. కాని అయ్యవారు ఉదాసీనుడైనచో ఆ కార్డులే క్రొత్త కంఠపాఠము కాగలవు. ఇరుగుపొరుగు రాష్ట్రములు మన ఋషివ్యాలీ నుండి గ్రహించిన దానిని మన పల్లెబడులు మఱింత శ్రద్ధగా పరికింపదగును. పాఠకులలో నుపాధ్యాయులో, పంచాయతీ పెద్దలో యున్నయెడల, మీ యూరి బడిలో నొక్క కొలతల మేళాయైన జరిపించుడు. దానికి కావలసినవి ఒక త్రాసు, ఒక కొలబద్ద, ఒక సాయంకాలము.